బోస్టన్ బొమ్మలో కనిపించని మంచు

కిందటి శీతాకాలంలో ఒక రాత్రి మా మేనకోడలు నా ఫోనుకి ఒక పాత బొమ్మ పంపింది. తను అమెరికాలో పదకొండో తరగతి చదువుతోంది. "మామయ్యా, ఇందులో ఏం జరుగుతోందో చెప్పు. నువ్వు చెప్పాక అందులో తప్పేమిటో నేను చెబుతాను" అని కింద రాసింది.

బొమ్మ చూస్తే సందేహానికి చోటే లేదు. కుడివైపు ఎర్రకోట్ల సైనికులు బారుగా నిలబడి, అందరూ ఒక్కసారిగా తుపాకులు పేలుస్తున్నారు. వాళ్ల వెనక అధికారి కత్తి పైకెత్తి ఆజ్ఞ ఇస్తున్నాడు. ఎడమవైపు చేతిలో కర్ర కూడా లేని పెద్దమనుషులు నెత్తురోడుతూ కూలిపోతున్నారు. సైనికుల తలల పైన ఉన్న భవనానికి 'కసాయి కొట్టు' అని అర్థం వచ్చే పలక తగిలించి ఉంది. ముందువైపు ఒక చిన్న కుక్క. చూసిందే చెప్పాను: సైన్యం నిరాయుధుల మీద కాల్పులు జరుపుతోంది.

వెంటనే ప్రశ్న వచ్చింది. "అది మార్చి నెల, బోస్టన్, రాత్రి తొమ్మిది దాటింది. మరి నేల మీద మంచు ఏది?"

1770 మార్చి 5న, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, బోస్టన్ కింగ్ వీధిలో, కస్టమ్స్ కార్యాలయం ముందు బ్రిటిష్ సైనికులు జరిపిన ఆ కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. బోస్టన్ ఊచకోత అని దానికి పేరు పడింది. ఆ బొమ్మ చెక్కినవాడు పాల్ రివియర్, వృత్తిరీత్యా వెండిపనివాడు. హెన్రీ పెల్హామ్ గీసిన చిత్రాన్ని చూసి చెక్కి, సంఘటన జరిగి నెల తిరగకముందే అచ్చులు అమ్మకానికి పెట్టాడు. ఆ రాత్రి వీధిలో మంచు పరుచుకుని ఉంది. జనం సైనికుల మీదకు మంచుముద్దలు విసిరారు, కొందరి చేతుల్లో కర్రలున్నాయి. బొమ్మలో మంచూ లేదు, కర్రలూ లేవు. చనిపోయినవారిలో క్రిస్పస్ అటక్స్ అనే నావికుడికి ఆఫ్రికన్ మూలాలూ స్థానిక తెగల మూలాలూ ఉన్నాయి. రివియర్ బొమ్మలో ఆయన మిగతా తెల్లవాళ్లలో కలిసిపోయాడు.

ఇక ఆ అధికారి సంగతి. ఆయన పేరు కెప్టెన్ థామస్ ప్రెస్టన్. కాల్చమంటారా అని ఎవరో అడిగితే ఎంతమాత్రం అననని చెప్పాననీ, తాను తుపాకీ గొట్టాల ముందే నిలబడి ఉన్నాననీ, కాలిస్తే మొదట పోయేది తన ప్రాణమేననీ ఆయన రాశాడు. ఒక సైనికుడికి కర్రదెబ్బ బలంగా తగిలిందనీ, అతడు పక్కకు జరిగి తుపాకీ పేల్చాడనీ ఆయన వాదన. అంటే రివియర్ బొమ్మలో వెనక నిలబడ్డ మనిషి, తన కథనంలో ముందున్నాడు. అలాగని ప్రెస్టన్ మాట వేదవాక్కు కాదు. అది జైల్లో కూర్చుని, ఉరి తప్పించుకోవలసిన మనిషి రాసుకున్న మాట.

వీళ్ల తరఫున కోర్టులో వాదించినవాడు జాన్ ఆడమ్స్, తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడైన ఆడమ్సే. ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిదిమంది సైనికుల్లో ఆరుగురిని వదిలేశారు. ఇద్దరికి, హత్య కన్నా చిన్న నేరం మోపి, బొటనవేలి మీద వాత పెట్టి పంపేశారు. అన్నిటికన్నా నన్ను కదిలించింది ప్యాట్రిక్ కార్ సాక్ష్యం. తూటా తగిలి కొన్నాళ్లకు చనిపోయిన ఐదో మనిషి ఆయన. సైనికులు తమను తాము కాపాడుకోవడానికే కాల్చారని, తనను కాల్చినవాడి మీద తనకు పగ లేదని మరణశయ్య మీద వైద్యుడితో చెప్పాడు.

మా మేనకోడలికి ఆ వారం అమెరికా చరిత్ర తరగతిలో ఇచ్చిన పని ఇదే. బొమ్మ, ప్రెస్టన్ కథనం, సాక్షుల మాటలు చేతికిచ్చి, ఏం జరిగిందో నువ్వు వాదించి నిరూపించు అన్నారు.

అక్కడి తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే. మనం చదువుకున్న చరిత్ర వేరు. మొదటి పానిపట్టు యుద్ధం 1526, రెండో పానిపట్టు యుద్ధం 1556, కారణాలు ఆరు, ఫలితాలు ఐదు. గైడు తెచ్చుకుని బట్టీపడితే మార్కులు వచ్చేవి. అదే అలవాటుతో పిల్లలను కూర్చోబెట్టి అధ్యక్షుల పేర్లు, చట్టాల సంవత్సరాలు వల్లె వేయిస్తారు. పిల్లలకు అన్నీ వస్తాయి, వ్యాసంలో మార్కులు మాత్రం రావు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్ల చరిత్రలో ఎందుకు వెనకబడుతోందో ఇంట్లో ఎవరికీ అంతుబట్టదు.

ముందుగా, ఈ చదువు ఎక్కడెక్కడ వస్తుందో తెలియాలి. అమెరికాలో దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక లేదు. ఏ తరగతిలో ఏది చెప్పాలో రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి. టెక్సస్‌లో ఎనిమిదో తరగతిలో వలసకాలం నుంచి 1877 దాకా చెబుతారు. హైస్కూల్లో మామూలు తరగతి అక్కడి నుంచి ముందుకు సాగుతుంది. కాలిఫోర్నియాలో కూడా తొలి కాలం ఎనిమిదిలోనే అయిపోతుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో తొమ్మిదిలో, పదిలో వచ్చి చేరిన పిల్లలకు ఆ పునాది ఉండదు. తీరా పదకొండులో ఏపీ చరిత్ర తీసుకుంటే మొదటి వారం నుంచే ఆ పునాది అవసరమవుతుంది. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కళాశాల స్థాయిలో చదివే కోర్సు. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. చివరి పరీక్షలో పిల్లలు డీబీక్యూ అని పిలిచే ఒక ప్రశ్న ఉంటుంది. ఏడు ఆధారపత్రాలు ఇస్తారు: ఉత్తరం, శాసనం, వ్యంగ్యచిత్రం, ప్రసంగం, ఏదైనా కావచ్చు. గంటలో వాటిని చదివి, వాటి ఆధారంగా వాదన కట్టాలి. మొత్తం మార్కుల్లో పాతిక శాతం ఈ ఒక్క ప్రశ్నదే.

ఏడు పత్రాల్లో ఏముందో సారాంశం రాసుకుంటూ పోతే పెద్దగా మార్కులు పడవు. ఈ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ పరిస్థితిలో అన్నారు, అందువల్ల దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అని తేల్చాలి. ఇచ్చిన పత్రాల్లో లేని ఒక ఆధారాన్ని సొంత జ్ఞానం నుంచి తేవాలి. సంవత్సరాలు గుర్తుండటం అవసరం లేదని కాదు. ఏ చట్టం ముందో ఏ గొడవ వెనకో తెలియనివాడు కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేస్తాడు. అయితే సంవత్సరం ఇక్కడ పునాదిరాయి మాత్రమే, ఇల్లు దాని మీద కట్టాలి.

ఈ కోర్సు మొదలయ్యే సంవత్సరమే ఒక పాఠం. అది 1492 కాదు, 1491. కొలంబస్ రాకముందు ఒక్క ఏడాది వెనక్కి జరపడంలో ఉద్దేశం స్పష్టం: అప్పటికే అక్కడ మనుషులున్నారు, ఊళ్లున్నాయి, రాజకీయాలున్నాయి. నేటి సెయింట్ లూయీస్ నగరానికి దగ్గరలో కహోకియా అనే పట్టణం 1100 ప్రాంతంలో వేలాది మందితో, భారీ మట్టి దిబ్బలతో కళకళలాడింది. మన పాత పుస్తకాల్లో 'రెడ్ ఇండియన్లు' అని ఒక్క మాటతో కట్టిపడేసిన వాళ్లు వందల తెగలు, వందల భాషలు. ఇండియా నుంచి వచ్చిన మన పిల్లలు తరగతిలో ఆ 'ఇండియన్' అనే మాట విని మొదట తికమకపడతారు. దారి తప్పిన ఒక నావికుడి పొరపాటు ఐదు శతాబ్దాలు నిలిచిపోయిందని తెలిశాక, పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న వాళ్లకు సహజంగానే పుడుతుంది.

థాంక్స్‌గివింగ్ పండుగ కథలో స్క్వాంటో అని ఒక మంచి మనిషి వస్తాడు. వలసవచ్చిన వాళ్లకు మొక్కజొన్న నాటడం నేర్పుతాడు. చిన్న తరగతుల్లో కథ అక్కడితో ఆగుతుంది. హైస్కూల్లో అడగవలసిన ప్రశ్న: ఆయనకు ఇంగ్లిష్ ఎలా వచ్చింది? ఆయన అసలు పేరు టిస్క్వాంటమ్, ఊరు పటుక్సెట్. 1614లో థామస్ హంట్ అనే ఇంగ్లిష్ నౌకాధికారి ఆయనతో పాటు మరికొందరిని పట్టుకుపోయి స్పెయిన్‌లో అమ్మబోయాడు. అక్కడి నుంచి లండన్ చేరి, 1619లో ఎలాగో సొంత ఊరికి తిరిగొచ్చేసరికి ఊరే లేదు. 1616 నుంచి ఆ తీరమంతటా పాకిన అంటురోగానికి అందరూ పోయారు. మరుసటి ఏడాది మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లు ప్లిమత్ అని పేరు పెట్టుకుని కట్టుకున్న ఊరు ఆ పటుక్సెట్ నేల మీదే. తన వాళ్ల పొలాల్లో పరాయివాళ్లకు సాగు నేర్పిన మనిషి కథ అది. పండుగ కథలోని ప్రతి మాటా నిజమే కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోయింది.

ఈ చదువులో అసలు ముడి స్వేచ్ఛకూ బానిసత్వానికీ మధ్య ఉంది. ఇది ఒక్క ఏడాదిలో, ఒక్క చోట కళ్లకు కడుతుంది. 1619 జులై చివర్లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఎన్నికైన ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. ఆగస్టు చివర్లో అదే వర్జీనియా తీరానికి ఒక ఓడ వచ్చింది. ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపి, బదులుగా తిండిసామగ్రి తీసుకుంది. పొగాకు సాగుతో పేరుపొందిన జాన్ రాల్ఫ్ ఈ సంగతిని ఒక ఉత్తరంలో, సరుకు వివరం చెప్పినట్టు, ఒక వాక్యంలో రాశాడు. ప్రజాస్వామ్యానికి మొలకా, బానిసత్వానికి మొలకా నెల తేడాతో ఒకే నేలలో పడ్డాయి.

అయితే ఆ ఏడాదే బానిసత్వం పూర్తి రూపంలో దిగిందనుకుంటే పొరపాటు. అది చట్టం వెంట చట్టంగా, తీర్పు వెంట తీర్పుగా కట్టుకుంటూ వచ్చిన గోడ. ఇటుకలు పేర్చిన చేతులు కూడా కనిపిస్తాయి. 1640లో ముగ్గురు పనివాళ్లు యజమాని దగ్గర నుంచి పారిపోయి దొరికారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండ్ వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికన్. మొదటి ఇద్దరికీ నాలుగేళ్ల అదనపు చాకిరీ శిక్ష. జాన్ పంచ్‌కు మాత్రం జీవితాంతం. నేరం ఒకటే, కోర్టు ఒకటే. 1662లో తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని చట్టం చేశారు. ఇంగ్లండ్‌లో బిడ్డకు తండ్రి హోదా వచ్చేది, ఇక్కడ దాన్ని తిరగేశారు. దీంతో యజమాని వల్ల పుట్టిన బిడ్డ కూడా అతని ఆస్తే అయింది. 1667లో బాప్తిస్మం తీసుకున్నా బానిసకు విముక్తి రాదన్నారు. 1705 నాటికి ఇవన్నీ కలిసి ఒక పెద్ద స్మృతిగా తయారయ్యాయి.

ఈ మధ్యకాలంలో బతికిన ఆంథొనీ జాన్సన్ అనే మనిషి జీవితం చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1621లో ఆఫ్రికన్ బందీగా వర్జీనియా వచ్చాడు. కష్టపడి స్వేచ్ఛ పొందాడు, పెళ్లి చేసుకున్నాడు, 1651 నాటికి 250 ఎకరాల ఆసామి అయ్యాడు. ఆయన కింద పనిచేసిన జాన్ కేసర్ అనే నల్లజాతి పనివాణ్ణి జీవితాంతం ఆయనకే చెందినవాడని 1655లో కోర్టు తీర్పిచ్చింది. అంటే బానిసగా వచ్చిన మనిషే యజమాని అయ్యాడు. 1670లో ఆయన పోయాక, ఆయన నల్లవాడు కాబట్టి పరదేశి అని, భూమి రాజుకే చెందుతుందని వర్జీనియాలో జ్యూరీ తేల్చింది. ఒక మనిషి ఆయుర్దాయంలోనే తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. ఈ కోర్సులో 'కాలక్రమంలో మార్పు' అనే మాట తరచుగా వస్తుంది. దాన్ని నిర్వచనంగా చదివే బదులు జాన్సన్ బతుకులో చూస్తే మరచిపోవడం కష్టం.

తర్వాతి తికమక టీ దగ్గర. చాలామంది పిల్లలు, పెద్దలు కూడా, టీ మీద పన్ను పెంచినందుకు బోస్టన్ వాళ్లు పెట్టెలు సముద్రంలో పడేశారనుకుంటారు. 1773 నాటి టీ చట్టం వల్ల టీ ధర తగ్గింది! అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి, దాని సరుకును నేరుగా వలసలకు పంపుకునే వీలు కల్పించారు. ఇంతకుముందే ఉన్న పన్ను అలాగే ఉంచారు. చవక టీ కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటు వేసిన పన్నును ఒప్పుకున్నట్టే అవుతుందన్నది ఒక కోపం. కంపెనీ గుత్తాధిపత్యం తమ వ్యాపారాన్ని మింగేస్తుందన్నది స్థానిక వర్తకుల భయం, దొంగ టీ తెచ్చేవాళ్ల భయం కూడా. డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోంచి 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. అది మన అస్సాం టీ అనుకునేవాళ్లున్నారు. కాదు, చైనా టీ.

మన దేశానికి సంబంధం మరోచోట ఉంది. ఆ ఏడాది చివర్లో ఫిలడెల్ఫియాలో 'రస్టికస్' అనే మారుపేరుతో ఒక కరపత్రం వచ్చింది. రాసింది జాన్ డికిన్సన్ అని చెబుతారు. ఆసియాలో ఈ కంపెనీ ఏం చేసిందో చూడండి, పంట పండకపోవడం వల్ల కాదు, వీళ్లు తిండిగింజలను గుప్పిట్లో పెట్టుకుని ధర పెంచడం వల్ల ఒక్క ఏడాదిలో లక్షలాది మంది చచ్చారు అని అందులో ఉంది. 1770 బెంగాల్ కరువు గురించి ఆ మాట. అమెరికా వలసల్లో, కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం మీద గొడవ రేగిన 1765లోనే ఉత్తర సర్కారుల మీద హక్కు కోసం కంపెనీ మొగలు చక్రవర్తి దగ్గర ఫర్మానా పుచ్చుకుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తీరాన్ని, బోస్టన్ రేవును ఒకే కంపెనీ లెక్కల పుస్తకం కలిపింది. తెలుగు పిల్ల తన వ్యాసంలో ఈ కరపత్రాన్ని బయటి ఆధారంగా తెస్తే అది బలవంతాన అతికించిన ముక్క కాదు. ఆనాటి అమెరికన్లే చేసిన వాదన.

ఇక రాజ్యాంగం. అందులో 'ఐదింట మూడు వంతులు' అనే అంశం మీద నేను విన్నన్ని తప్పు వివరణలు మరే దాని మీదా వినలేదు. నల్లవాణ్ణి ఐదింట మూడు వంతుల మనిషిగా చూశారు, పూర్తిగా లెక్కించి ఉంటే న్యాయం జరిగేది అంటారు. బాధ నిజమే గాని లెక్క తలకిందులు. ప్రతినిధుల సభలో రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్నది జనాభాను బట్టి. 1787లో బానిసలను పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది దక్షిణాది యజమానులే, లెక్కించవద్దన్నది ఉత్తరాదివాళ్లు. ఓటు లేని మనుషులను చూపించి, వాళ్ల యజమానులు స్థానాలు పెంచుకోవడమన్నమాట.

కాగితం మీద వేసి చూడండి. 1790 జనాభా లెక్కల్లో పెన్సిల్వేనియాలో స్వేచ్ఛాజనం సుమారు 4,31,000, బానిసలు 3,737. వర్జీనియాలో స్వేచ్ఛాజనం సుమారు 4,55,000, బానిసలు 2,92,627. స్వేచ్ఛగా ఉన్నవాళ్ల సంఖ్య రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. 33,000 మందికి ఒక స్థానం చొప్పున పెన్సిల్వేనియాకు 13 వచ్చాయి. వర్జీనియా బానిసల్లో ఐదింట మూడు వంతులంటే దాదాపు 1,75,600. అవి కలిపితే 6,30,000 దాటింది, 19 స్థానాలు వచ్చాయి. బానిసలను లెక్కలోకి తీసుకోకపోతే వర్జీనియాకూ 13 మాత్రమే దక్కేవి. మిగతా ఆరు స్థానాలు గొలుసుల్లో ఉన్న మనుషుల తలలు లెక్కపెట్టి తెచ్చుకున్నవి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లు కూడా ఈ స్థానాలను బట్టే. ఇంత చేసిన ఆ పత్రంలో 'బానిస' అన్న మాట ఒక్కచోటా రాయలేదు, 'ఇతర వ్యక్తులు' అని రాసుకున్నారు. మన పిల్లలకు లెక్కలంటే భయం లేదు కదా, ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి.

ఇలాంటి విషయాలు ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాని మీద అమెరికాలో పెద్ద పోరే నడుస్తోంది. 2014లో ఏపీ చరిత్ర కొత్త ప్రణాళిక దేశాన్ని మరీ చెడ్డగా చూపుతోందని గొడవ లేచింది. కొలరాడోలో దాన్ని సమీక్షించాలన్న స్థానిక బోర్డు ప్రయత్నానికి నిరసనగా హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. 2015లో కాలేజ్ బోర్డ్ ప్రణాళికను సవరించింది. స్వాతంత్ర్య ప్రకటన గొప్పదని చెప్పడానికి, దాన్ని రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను ఉంచుకున్నాడన్నది దాచనక్కర్లేదు. అదే జెఫర్సన్ తన చిత్తుప్రతిలో బానిసల వ్యాపారాన్ని తిట్టిపోశాడు, సభ ఆ భాగాన్ని కొట్టేసింది. చిత్తుప్రతి, తుది ప్రతి పక్కపక్కన పెట్టి చదివిన పదహారేళ్ల పిల్లకు అభిమానం, కోపం రెండూ కలుగుతాయి. రెంటికీ చోటుండాలన్నదే నా పట్టుదల.

కాబట్టి ఇంట్లో సహాయం చేయదలచుకున్నవాళ్లు సంవత్సరాలు అప్పజెప్పించుకోవడం కాస్త తగ్గించి, పిల్లలు చదివిన పత్రాన్ని తమకు చదివి వినిపించమనాలి. విన్నాక "ఈయన ఇలా చెప్పడం వల్ల ఆయనకేమిటి లాభం?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మనకు అమెరికా చరిత్ర రాకపోయినా ఫర్వాలేదు. ఆస్తి తగాదాల్లో, పెళ్లి మాటల్లో ఎవరి మాట వెనక ఏముందో పసిగట్టడం మనకు కొత్త కాదు.

ఈ మధ్య నేనూ ఆమెకు ఒక బొమ్మ పంపాను. వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం గుమ్మటం కింద వేలాడే పెద్ద చిత్రం, జాన్ ట్రంబుల్ గీసినది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోవడం అందులో ఉంది. పేరు 'లార్డ్ కార్న్‌వాలిస్ లొంగుబాటు'. "ఇందులో కార్న్‌వాలిస్ ఎక్కడున్నాడో వెతుకు" అని రాశాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "లేడు మామయ్యా. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆ రోజు రాలేదు. బదులుగా ఓహారా అనే అధికారిని పంపాడు. మా పుస్తకంలో ఆయన సంగతి అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఎటు పోయాడు?"

1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాన్ చేత సంధి చేయించుకున్నాడు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి ఆ పద్ధతే మన ఉత్తర సర్కారులకు వచ్చింది. విజయనగరంతో మొదలుపెట్టి చెప్పాలి ఆమెకు. వాళ్ల తాతగారిది ఆ జిల్లాయే.